ఆయుధపూజ నాటి గాలి

మా నేస్తం మీద నాకు కుళ్ళు. ఈ మాట ఒప్పుకునేసరికి నాకు నలభై ఆరేళ్ళు వచ్చాయి కాబట్టి ముందే రాసేస్తున్నాను. ఇది చదివి "అబ్బే, నువ్వలాంటిదానివి కాదులే" అని ఎవరూ నన్ను సముదాయించక్కర్లేదు.

నేస్తం అంటే మామూలు స్నేహితురాలు కాదు. మా వైపు నేస్తం కట్టడమని ఒకటుంది. ఇద్దరు పిల్లలకి బాగా జత కుదిరిందనుకోండి, పెద్దవాళ్ళు ఓ మంచిరోజు చూసి ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరిచేత ఒకరికి కొత్తబట్టలు పెట్టించి, నోట్లో బెల్లం ముక్క పెట్టించి నేస్తం కట్టేస్తారు. అక్కడినుంచి రెండిళ్ళూ చుట్టాలే. మా ఇంట్లో దానికి ఒక నియమం కూడా ఉండేది. నేస్తాలు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు. చచ్చేదాకా "నేస్తం" అనే పిలవాలి. మాకు కట్టేటప్పటికి ఇద్దరికీ తొమ్మిదేళ్ళు. అప్పట్నుంచి ఆమె నోట నా పేరు నేను వినలేదు.

ఇద్దరిదీ పొందూరులో ఒకే వీధి. వాళ్ళమ్మా, మా అమ్మా నూలు వడికేవారు. గింజ మీదున్న పత్తిని మా ఊళ్ళో వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకి సన్నటి పళ్ళుంటాయి, వాటితో నెమ్మదిగా లాగితే చెత్తంతా ఊడిపోయి పోగులు తిన్నగా వస్తాయి. బడినుంచి రాగానే మా ఇద్దరికీ అదే పని. నా చేయి తేలిక. ఆమెది మోటు చేయి, పోగులన్నీ తెంపేసేది. వాళ్ళమ్మ నన్ను చూపించి, "నేస్తాన్ని సూసి నేర్సుకోవే, ఎంత నిదానంగా సేస్తందో" అని దెప్పేది. న్యాయంగా అయితే కుళ్ళు ఆమెకి రావాలి. ఆమె నవ్వేసి, తెగిన పోగులు నా ఒళ్ళో వేసేది. అప్పుడే నాకు కొంచెం ఒళ్ళు మండేది.

డిగ్రీ శ్రీకాకుళంలో, ఎమ్మెస్సీ ఫిజిక్స్ విశాఖపట్నంలో, రెండూ కలిసే చదివాం. మార్కులు ఎప్పుడూ నావే ఎక్కువ. ల్యాబ్ రికార్డు నేను రాస్తే ఆమె చూసి రాసుకునేది. పీహెచ్‌డీకి ఇద్దరినీ ఒకే రోజున ఇంటర్వ్యూకి పిలిచారు. గది బయట బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాం. లోపలినుంచి ఇంగ్లీషు వినబడుతోంది. ఆ ఇంగ్లీషులో నేను జవాబులు చెప్పలేననుకున్నాను. "నాకు కడుపులో తిప్పుతంది, నువ్వెల్లు" అని చెప్పి, నా వంతు రాకముందే బస్టాండుకి వచ్చేశాను. ఆమె లోపలికి వెళ్ళింది.

నన్నెవరూ ఆపలేదు. మా నాన్న తెల్లారే లేచి బస్సెక్కించి మరీ పంపాడు. మా అమ్మ అరసవల్లి దేవుడికి మొక్కుకుంది. అందుకని తిట్టుకుందామంటే నాకు మనిషి దొరకలేదు. మనిషి దొరక్కపోతే కుళ్ళు ఎటు పోతుంది? బెంచీ మీదనుంచి లేచి తలుపు తోసుకుని వెళ్ళినదాని మీదికే పోతుంది. నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరి, ఇరవై ఏళ్ళుగా అవే కటకాలు, అవే లోలకాలు చెబుతున్నాను. ఆమె పై రాష్ట్రంలో ఒక పరిశోధన సంస్థలో సైంటిస్టు. భూమి మొత్తం వాతావరణాన్ని కంప్యూటర్లో పెట్టి, ముందుముందు ఎలా ఉండబోతుందో లెక్కకట్టే క్లైమేట్ మోడల్ మీద పనిచేస్తుంది.

ఆమె రాసిన ప్రతి పేపరూ నేను వెతికి చదివాను. కుళ్ళున్నవాళ్ళు చదివినంత శ్రద్ధగా అభిమానులు కూడా చదవరు. తప్పు దొరుకుతుందేమోనని చదవడం మొదలుపెట్టి, చివరికి పాఠం నేర్చుకుని లేచేదాన్ని. మబ్బు కట్టడానికి ఆవిరొక్కటే చాలదట. ఆ ఆవిరి పట్టుకుని కూర్చోవడానికి గాలిలో ఏదో ఒక నలుసు కావాలి. సముద్రపు ఉప్పూ, మట్టి రేణువులూ అనాదిగా ఉన్నవే. వాటికి మనిషి లారీ పొగ, బొగ్గు పొగ, కోత కోసిన మళ్ళలో గడ్డి తగలబెట్టిన పొగ చేర్చాడు. ఇలా గాలిలో తేలే నలుసులన్నిటినీ కలిపి ఏరోసోల్స్ అంటారు. నలుసులు పెరిగితే ఉన్న నీరే ఎక్కువ వాటాలు పడి, మబ్బులో చుక్కలు చిన్నవైపోతాయి. చిన్న చుక్కల మబ్బు మరింత తెల్లగా ఉండి ఎండని పైకి తిప్పికొడుతుంది. కానీ ఆ చుక్కలు కురవడానికి తగినంత బరువెక్కవు. అంటే ఒకపక్క మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ భూమిని వేడెక్కిస్తుంటే, ఇంకోపక్క మన పొగే ఆ వేడిలో కొంత కప్పిపెడుతోంది. ఎంత కప్పిపెడుతోందో గట్టిగా ఎవరూ చెప్పలేకపోతున్నారు. రేపు గాలి శుభ్రపడితే, దాగిన వేడి ఎంత బయటపడుతుందన్నదే మోడల్ వాళ్ళ తలనొప్పి. కప్పిపెట్టిన వేడి అన్న మాట వచ్చినప్పుడల్లా, ఎవరో నన్ను చూసి రాసినట్టుండేది.

మూడేళ్ళ కిందట ఒక వేసవిలో ఆమె మా ఇంటికొచ్చింది. శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్ళే దారిలో మాది డాబా ఇల్లు. నేనూ, మా ఆయనా, మా అత్తా ఉంటాం. ఆమె చెప్పులు విడిచి, సరాసరి మెట్లెక్కి పైకి వెళ్ళి, నాలుగు పక్కలా చూసింది.

"నేస్తం, మా మోడల్లో భూమంతా గళ్ళుగళ్ళుగా కోసీసి ఉంటాది. మీ ఊరూ, విజయనగరం, మజ్జిలో రామతీర్థం కొండ, అన్నీ కలిపి ఒకటే గడి. ఈ గడిలో గాలెలాగుందో కొలిసినోలు ఒక్కులూ నేరు. మోడల్ ఊరికే ఊయించుకుంటంది. మిషనొకటి మీ డాబా మీద ఎట్టుకోనిస్తావేటి?"

నేను పుట్టిన ఊరూ, చదివిన ఊరూ, కాపరం చేస్తున్న ఊరూ అన్నీ ఆమెకి ఒక గడి! మిగతా భూగోళమంతా ఆమె చేతిలోనే ఉంది. నాకు చుర్రుమంది.

"ఇన్ని కాలేజీలుండగా నా డాబాయే దొరికిందేటి నీకు?" అన్నాను.

"మిషను ఎక్కడైనా ఎట్టొచ్చు. రోజూ కాయితం మార్సాల. అది సిరగకండా మార్సే సెయ్యి నాకొకటే తెలుసు."

ఒప్పుకున్నాను. ఆ మాటకి పొంగిపోయానని ఆమెకి తెలియనివ్వలేదు.

మిషనంటే తెల్లటి పెట్టె, దాని మీద వాన పడకుండా రేకు. ఒక గొట్టంలోంచి గాలి పీల్చి, ఎన్ని నలుసులున్నాయో నిమిషనిమిషానికీ లెక్కబెట్టి ఫోన్ సిమ్ము ద్వారా ఆమెకి పంపేస్తుంది. ఇంకో గొట్టం గాలిని గుండ్రటి తెల్లకాగితం గుండా లాగుతుంది. ఆ కాగితం గట్టిగా పట్టుకుంటే దూదిలా విడిపోతుంది. రోజూ పొద్దున్న ఆరింటికి నేను పాతది తీసి కొత్తది పెట్టాలి. పెట్టేటప్పుడు తెల్లగా ఉన్నది, మర్నాడు తీసేటప్పటికి బూడిదరంగుకి తిరిగి ఉంటుంది. మేమంతా ఆ గాలే పీల్చుకుని బతుకుతున్నామని మొదటి వారంలోనే అర్థమైంది. తీసిన కాగితాన్ని వెండిరంగు రేకులో చుట్టి, నెలాఖరున పంపేదాకా ఫ్రిజ్‌లో దాచాలి. మా అత్తకి అది నచ్చలేదు.

"పెరుగు పక్కన మసి కాయితాలేటే? మడీ తడీ నేకండాపోనాది ఈ ఇంట్లో" అని కొన్నాళ్ళు గొణిగి, తరవాత తనే పైఅర ఖాళీ చేసి ఇచ్చింది.

వీటితోపాటు ఒక నోట్‌బుక్కు. నేస్తం గట్టిగా చెప్పింది. మిషను నలుసులు లెక్కబెట్టగలదు కానీ, అవి దేశం మీద తిరిగే గాలివో పక్కింటి పొయ్యివో దానికి తెలియదు. దగ్గర్లో ఏ పొగ వచ్చినా టైముతో సహా రాయాలి. రాశాను. వెనకింట్లో పెళ్ళి, కట్టెల పొయ్యి, పొద్దున్న నాలుగునుంచి. మునిసిపాలిటీ వాళ్ళు చెత్త కాల్చారు. రథసప్తమి, ఆటోలు ఆగకుండా. పక్కింటాయన గోడ దగ్గర నిలబడి బీడీ కాల్చాడు. ఇది కూడా రాశాను. జ్వరం వచ్చినా ఆరింటికి మెట్లెక్కాను. మూడేళ్ళలో కాలేజీకి సెలవు పెట్టాను కానీ, కాగితానికి పెట్టలేదు. నా జీవితంలో నేను నిజంగా చేసిన ఫిజిక్స్ అదొక్కటే.

అయినా కుళ్ళు తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఆమె టీవీలో కనబడేది. నేను కాలేజీలో "ఏటి" అనను, "ఏమిటి" అంటాను. పిల్లలు నవ్వుతారని ఇరవై ఏళ్ళుగా నా భాషని నేనే ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఆమె టీవీలో దర్జాగా, "మబ్బులో ఏటుంటాదంటే" అని మొదలుపెట్టింది. అందరూ ఎంత మురిసిపోయారో! మా ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "మేడమ్, ఆవిడ మీకు బాగా తెలుసట కదా, వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా పిలవండి. టీ టిఫిన్ల సంగతి మీరు చూసుకుందురు" అన్నాడు. టీ టిఫిన్లు! పళ్ళు నూరుకుంటూ సరేనన్నాను.

పోయిన దసరాకి ముందురోజు పేపర్లో ఆమె ఫోటో పడింది. మన జిల్లా ఆడపడుచు, వాతావరణ శాస్త్రంలో మేటి అని పెద్ద అక్షరాలు. కింద ఎక్కడో "శ్రీకాకుళంలో ఒక ఇంటిపై అమర్చిన పరికరం" అని ఒక ముక్క. ఇంటికి మనుషులుంటారు కదా, ఆ ఇంటికి మాత్రం లేరు. సాయంత్రం నేను కాలేజీనుంచి వచ్చేసరికి మా అత్త ఆ ఫోటో కత్తిరించి, అన్నం మెతుకులతో ఫ్రిజ్ తలుపు మీద అతికించి ఉంచింది.

"సూసినావా, మహరాణిలాగున్నాది మన నేస్తం" అంది ముచ్చటపడుతూ.

మూడేళ్ళుగా ఆ ఫ్రిజ్ లోపల దాచినది నా పని. తలుపు మీద మెరుస్తున్నది ఆమె మొహం. పాలగిన్నె కోసం తలుపు తీసిన ప్రతిసారీ ఆమె నవ్వుతూ ఎదురయింది. ఆ రోజు నేను పాలు కాచలేదు.

మర్నాడు ఆయుధపూజ. మా వీధిలో ఆటోలు కడిగి, బంతిపూల దండలు వేసి వరసగా నిలబెట్టారు. మా ఆయన మోటార్ సైకిల్‌కి నిమ్మకాయలు తొక్కించాడు. మా అత్త కత్తిపీట, కుట్టుమిషను, రోకలి, నా కాలిక్యులేటరుతో సహా అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి, చేతిలో ధూపం పాత్రతో నా దగ్గరికి వచ్చింది. కొబ్బరిపీచు నిప్పుల మీద సాంబ్రాణి గుప్పుమంటోంది.

"పైనున్న మిషను కూడా ఆయుధమే కదేటి? దానికీ దూపం ఏసీనా?" అని అడిగింది.

అంతకుముందు రెండేళ్ళూ ఆమె ఇలాగే అడిగింది. "వద్దత్తా, అది పొగ కొలిసే మిషను, దానికి పొగెడితే గందరగోలం అయిపోతాది" అని చెప్పి, కింద మెట్టు దగ్గరే ఒక పువ్వు పెట్టించి పంపేశాను. ఈసారి నేను వంటింట్లో, ఫ్రిజ్ ఎదురుగా ఉన్నాను. తలుపు మీద నేస్తం నవ్వుతోంది.

"ఏసీ అత్తా. బాగా ఏసీ" అన్నాను.

మా అత్త సంబరంగా మెట్లెక్కింది. మిషనుకి బొట్టు పెట్టింది, రేకు కింద గొట్టం పక్కనే పాత్ర పెట్టి, నిప్పు ఆరిపోకుండా మధ్యమధ్య సాంబ్రాణి చల్లుతూ, తనకొచ్చిన దేవుడి పాటలన్నీ పాడుకుంది. నేను మెట్ల మీదే నిలబడి చూశాను. ఆ గొట్టం సాంబ్రాణిని ఎంత భక్తిగా పీల్చుకుందో చెప్పలేను. ఆ నిమిషంలో నాకు భయం వేయలేదు, సిగ్గు వేయలేదు. హాయిగా ఉంది. గంట దాటాక మా అత్త దిగిపోయింది. నేను నోట్‌బుక్కు తెరిచి, తారీఖు వేసి, "విశేషాలు ఏమీ లేవు" అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

పది రోజుల తరవాత నేస్తం ఫోన్ చేసింది.

"నేస్తం, దసరా నాడు మీ మిషను ఎత్తుకెల్లి ఆకాశంలో ఎట్టీసినాది కొలతని. ఆయుదపూజ కదా, దగ్గర్లో ఎవులైనా పొగెట్టినారేటి?"

"పుస్తకంలో రాసిందే ఉన్నాది నేస్తం. రాయనేదంటే పొగ నేనట్టే" అన్నాను.

"అవును, అదే అనుకున్నాను. నువ్వు రాయకండా ఉండవు" అంది.

అక్కడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఎందుకంటే ఆమె గొంతులో ఉత్సాహం వినబడింది, దాని వెనక ఒక తికమక కూడా వినబడింది. సరిగ్గా ఆ రోజునే ఉపగ్రహం ఒకటి మా తీరం మీదుగా పోతూ, సముద్రం మీది మబ్బుల్ని బాగా చూసిందట. పైన మబ్బుల కొలత, కింద మా డాబా కొలత, రెండూ ఒకే రోజున దొరకడం అరుదట. అందుకని మోడల్ని ఆ ఒక్క రోజు మీద పెట్టి పదేపదే నడుపుతోంది. మోడల్ ఎంత కిందామీదా పడ్డా మా గడిలో అంత పొగ చూపించడం లేదు. అంత పొగ ఉంటే మబ్బులు మారాల్సినంతగా మారనూ లేదు. నెలల తరబడి ఆమె వాళ్ళ మోడల్లో తప్పు వెతికింది. గదుల నిండా కంప్యూటర్లు, దేశంలో ఉన్న తెలివైనవాళ్ళంతా కలిసి మా అత్త సాంబ్రాణి ఎక్కడినుంచి వచ్చిందో కనుక్కోలేకపోతున్నారు! ఈ మాట తలుచుకుని క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ ఒక్కదాన్నే నవ్వుకున్న రోజులున్నాయి. ఇంత నీచంగా కూడా సంతోషపడొచ్చని నాకు అంతవరకూ తెలియదు.

ఆ సంతోషం సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం ఆమె మళ్ళీ ఫోన్ చేసేదాకా ఉంది. గొంతు బొంగురుపోయి ఉంది.

"మావోలంతా ఆ రోజు కొలత తప్పు, తీసి అవతల పారెయ్యమంతన్నారు నేస్తం. నాను ఒప్పుకోనేదు. మా నేస్తం పక్కింటోడు బీడీ కాల్సినా రాస్తాది, ఆ పుస్తకం తప్పు సెప్పదు, తప్పుంటే మన మోడల్‌దే అని మీటింగులో గట్టిగా దెబ్బలాడీసినాను. వచ్చే నెల పెద్ద మీటింగున్నాది. మోడల్లో పొగ లెక్క మార్సాలని అక్కడ సెప్తాను. దానికి ముందొకపాలి వచ్చి మిషను సూసుకుని ఎల్తాను. ఇంకోటి నేస్తం, నాను రాస్తన్న పేపరు మీద నీ పేరు కూడా ఎట్టినాను. నా పక్కన."

ఫోన్ పెట్టేశాను. నా ఇరవై ఏళ్ళ కడుపుమంటకి మందు ఆ చివరి మాటలో ఉంది. ఆమె పక్కన నా పేరు. అది కూడా ఏ రోజు ఆధారంగా? నేను అబద్ధం రాసిన రోజు ఆధారంగా. పైగా ఆమె ఒప్పించగలిగితే, ఆ మోడల్ రేపటి వానల గురించి చెప్పే లెక్కల్లోకి మా అత్త సాంబ్రాణి దూరుతుంది. ఇది ఆపగలిగినది నేనొక్కదాన్నే. చెబితే నా పేరు పోతుంది. చెప్పకపోతే నలుగురిలో ఆమె పరువు పోతుంది, ఇవాళ కాకపోతే ఇంకో రోజు.

అంత తెలిసి కూడా, ఆమె వచ్చేముందు రోజు నేను చేసిన పని ఏమిటంటే, తడిగుడ్డతో మిషను మీది కుంకుమ బొట్టు శుభ్రంగా తుడిచేశాను.

ఆమె పదింటికి వచ్చింది. మా అత్త పొయ్యి మీద బూరెలకి నూనె పెట్టింది. ఇద్దరం పైకి వెళ్ళాం. ఆమె గొట్టాలు విప్పి ఊదింది, గాలి లాగే పంపు చప్పుడు విన్నది, రేకు బిగించబోతూ వంగి చూసి నవ్వింది. స్క్రూ తల గాడిలో ఎర్రగా కుంకుమ మిగిలిపోయి ఉంది.

"అత్త బొట్టెట్టీసినాదేటి మిషనుకి? ఎప్పుడు?"

ఆ నవ్వులో అనుమానమన్నదే లేదు. పోయిన శుక్రవారం అంటే సరిపోయేది. బొట్టు ఎప్పుడైనా పెట్టొచ్చు, బొట్టుకి పొగ ఉండదు. నా నోట్లో ఆ మాట తయారుగా కూడా ఉంది. కానీ ఆమె తన చీర చెంగుతో ఆ స్క్రూని తుడవకుండా, కుంకుమ చెదరకుండా జాగ్రత్తగా మిగతా స్క్రూలు బిగిస్తోంది. మోటు చేయి అనుకున్న ఆ చేయి అంత మెత్తగా ఎప్పుడైందో నేను చూసుకోలేదు.

"ఆయుదపూజ నాడు" అన్నాను.

స్క్రూ తిప్పుతున్న చేయి ఆగింది.

"దూపం కూడానా?"

"ఊఁ."

"ఎంతసేపు?"

"గంట పైనే. గొట్టం దగ్గరే. నాను మెట్ల మీద ఉన్నాను. నానే ఎయ్యమన్నాను."

ఆమె లేచి నిలబడింది. వీధిలో ఆటో హారన్ మోగుతోంది.

"నాను ఫోన్ సేసి అడిగినాను కదా నేస్తం. నేదన్నావు."

"అన్నాను."

"ఎందుకు?"

"కుళ్ళు" అన్నాను. ఇంకా ఏదైనా మంచి మాట దొరుకుతుందేమోనని చూశాను, దొరకలేదు. "నువ్వంటే నాకు కుళ్ళు. ఆ రోజు బెంచీ మీంచి నువ్వు లోపలికెల్లినావు కదా, అప్పట్నుంచీ."

ఆమె కళ్ళెర్ర చేస్తుందని, తిడుతుందని కాసుకుని ఉన్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అది నాకు తెల్దనుకున్నావేటి?" అంది నెమ్మదిగా. "నీకు కుళ్ళని పొందూర్లో పత్తి ఏకినప్పట్నుంచీ తెలుసు. అదుంటే ఉండనీ అనుకున్నాను. కుళ్ళు ఉన్నా రోజూ ఆరింటికి లెగిసి కాయితం మార్సేదానివి. పుస్తకంలో అబద్దం రాస్తావని మాత్రం అనుకోనేదు."

ఏడాదికొకటిగా రాసిన నోట్‌బుక్కులు మూడూ తెమ్మంది. తెచ్చాను. డాబా గోడ మీద పెట్టుకుని, మొదటి పేజీనుంచి ఒక్కొక్కటే తిప్పింది. కట్టెల పొయ్యి. చెత్త. బీడీ. ఎండ నెత్తి మీదికి వచ్చింది, ఆమె నీడలోకి జరగలేదు. దసరా పేజీ దగ్గర ఆగి ఫోన్‌తో ఫోటో తీసుకుంది.

"ఇంకే రోజులున్నాయి?" అని అడిగింది.

"ఒట్టు నేస్తం. ఇదొక్కటే."

"నాను నమ్మొచ్చు. మావోలకి ఏటి సూపించాల?"

వెయ్యి పొద్దులు నేను నిజం రాశానని చెప్పడానికి సాక్ష్యం ఆ నోట్‌బుక్కే. ఆ నోట్‌బుక్కు అబద్ధమాడగలదని చెప్పినది కూడా నేనే. ఆమె మూడు పుస్తకాలూ సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. కింద మా అత్త బూరెల పళ్ళెంతో నిలబడి ఉంది.

"తినకండా ఎల్లిపోతావేటమ్మా? వేడివేడిగా ఉన్నాయి, రెండు నోట్లో ఏసుకో" అంది.

"ఇంకోపాలి తింతాను అత్తా" అని, ఫ్రిజ్ మీదున్న తన ఫోటో వైపు ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

పెద్ద మీటింగులో తనే లేచి, ఆ రోజు కొలత తప్పని చెప్పేసిందని తరవాత తెలిసింది. నా పేరు ఎత్తలేదట. "స్థానికంగా పొరపాటు జరిగింది, చూసుకోవాల్సింది నేను" అని అందట. పేపరు వచ్చింది, వెతికి చదివాను. అందులో నా పేరు లేదు, మా డాబా మూడేళ్ళ కొలతలూ లేవు. మా గడిలో గాలి ఎలా ఉంటుందో మోడల్ మళ్ళీ ఊహించుకుంటోంది. మరొకరెవరో పాడుచేసి ఉంటే వాళ్ళని నాలుగు వీధులూ తిప్పి తిట్టి ఉండేదాన్ని.

మిషను మాత్రం తీసేయలేదు. ఎండలు ముదురుతుండగా ఒక పార్సిల్ వచ్చింది. లోపల చిన్న కెమెరా, దాన్ని బిగించుకోవడానికి కడ్డీ. మిషనుకి ఎదురుగా పిట్టగోడ మీద బిగిస్తే, చుట్టుపక్కల ఏ పొగ వచ్చినా నిమిషనిమిషానికీ ఫోటో తీసి నేరుగా వాళ్ళకి పంపుతుంది. ఎలా బిగించాలో చెబుతూ ఒక ఉత్తరం. నీట్‌గా టైపు చేసి, కింద ఆమె సంతకం. "ఇకపై నోట్‌బుక్కు రాయనవసరం లేదు, కాగితం మార్చడం మాత్రం కొనసాగించగలరు" అని ఉంది. పైన, "నేస్తం" అని ఉండాల్సిన చోట, నా పేరు ఉంది. ఇంటిపేరుతో సహా, చివర గారు.

"నేస్తం ఏటి రాసినాది?" అని మా అత్త అడిగింది.

"బాగున్నారా అని అడిగింది" అన్నాను.

కెమెరా నేనే బిగించాను. ఇప్పుడూ ఆరింటికి మెట్లెక్కుతాను, కాగితం మారుస్తాను. నోట్‌బుక్కు కూడా కొత్తది కొనుక్కుని రాస్తూనే ఉన్నాను. ఎవరూ అడగరు, ఎక్కడికీ పంపను. ఈ దసరాకి మా అత్త ధూపం పాత్రతో మెట్ల దాకా వచ్చి, వద్దంటానేమోనని నా మొహం వైపు చూసి, తనే వెనక్కి తిరిగింది. అది కూడా టైముతో సహా రాశాను.

నాకిప్పుడు నేస్తం మీద కుళ్ళు లేదు. ఆమె టీవీలో కనబడితే సౌండు పెంచి చూస్తాను. నా కుళ్ళంతా ఇప్పుడు పిట్టగోడ మీదున్న ఆ కెమెరా మీద. పత్తి పోగుకీ కాగితానికీ దానికి తేడా తెలియదు, పొందూరు తెలియదు, ఆమె ఎవరో తెలియదు. అయినా అది ఏం చూపిస్తే అది ఆమె నమ్ముతుంది.